అండమాన్‌లో టైమ్‌టేబుల్ సముద్రానిదే

తెలుగువారి విహారయాత్రల జాబితాలో అండమాన్ ఇప్పుడు గోవా పక్కన చేరింది. కొత్త జంటలు, ఎల్‌టీసీ పెట్టుకున్న ఉద్యోగులు, పిల్లల సెలవుల కోసం ఎదురుచూసే కుటుంబాలు విమానం ఎక్కేస్తున్నారు. వెళ్లేముందు వేసుకునే ప్రణాళికలో పొరపాటు జరిగితే మాత్రం సగం సెలవు జెట్టీల దగ్గరే గడిచిపోతుంది.

డిసెంబర్‌లో పోర్ట్ బ్లెయిర్‌లో సాయంత్రం ఐదు దాటిందంటే పొద్దు గుంకినట్టే. గడియారం చూస్తే హైదరాబాద్‌లో ఎంతో అక్కడా అంతే, దేశమంతటికీ ఒకటే టైము మరి. కానీ అనంతపురానికీ పోర్ట్ బ్లెయిర్‌కూ రేఖాంశాల్లో దాదాపు 15 డిగ్రీల తేడా ఉంది. సూర్యుడి లెక్కన అది గంట. మధ్యాహ్నం విమానం దిగి, హోటల్లో స్నానాలూ భోజనాలూ ముగించుకుని ‘ఇక బీచ్‌కి పోదాం పదండి’ అనుకునేసరికి అక్కడ వీధి దీపాలు వెలుగుతుంటాయి. తెల్లవారుజామున మాత్రం ఇంకా అలారం మోగకముందే కిటికీలోంచి ఎండ పలకరిస్తుంది.

అండమాన్ యాత్రను నడిపేవి మూడు: పొద్దు, పడవ, పోటు. ఈ మూడింటి వేళలు తెలుసుకుని రోజులు సర్దుకున్నవాళ్లు హాయిగా తిరిగొస్తారు. ‘నాలుగు రాత్రులు, ఐదు పగళ్లు, ఆరు దీవులు’ అన్న ప్యాకేజీ కాగితాన్ని నమ్ముకున్నవాళ్లు ఫొటోలు మాత్రం పట్టుకొస్తారు.

మనవాళ్లున్న దీవులు

బంగాళాఖాతంలో ఉత్తరం నుంచి దక్షిణానికి దండలా సాగిన అండమాన్ నికోబార్‌లో చిన్నా పెద్దా దీవులు, రాతి దిబ్బలు కలిపి 836 ఉన్నాయి. మనుషులు నివసించేవి వాటిలో కొద్దే. 2011 లెక్కల ప్రకారం మొత్తం జనాభా 3.8 లక్షలు. పర్యాటకులు తిరిగేది ఎక్కువగా దక్షిణ అండమాన్‌లోని పోర్ట్ బ్లెయిర్, దానికి ఈశాన్యాన ఉన్న హావ్‌లాక్, నీల్ దీవులు. నికోబార్ వైపు మామూలు పర్యాటకులకు ప్రవేశం లేదు.

పేర్ల విషయంలో కాస్త జాగ్రత్త అవసరం. 2018 డిసెంబర్‌లో హావ్‌లాక్ స్వరాజ్ ద్వీప్ అయింది, నీల్ షహీద్ ద్వీప్ అయింది, రాస్ దీవి నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్ అయింది. 2024 సెప్టెంబర్‌లో పోర్ట్ బ్లెయిర్ పేరును శ్రీ విజయపురంగా మార్చారు. టికెట్ల మీద కొత్త పేర్లు, ఆటోవాళ్ల నోట పాత పేర్లు వినిపిస్తాయి. రెండూ గుర్తుంటే తికమక ఉండదు.

భాష గురించి బెంగ అక్కర్లేదు. అందరినీ కలిపే భాష హిందీ. ఆ తర్వాత బెంగాలీ, తమిళం, తెలుగు బాగా వినిపిస్తాయి. 2011 జనగణనలో అక్కడ 13 శాతానికి పైగా జనం తమ మాతృభాష తెలుగని చెప్పారు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి చేపల వేటకు వెళ్లి అక్కడే స్థిరపడిన మత్స్యకార కుటుంబాలు వీరిలో ఎక్కువ. పోర్ట్ బ్లెయిర్‌లోని జంగ్లీఘాట్ చేపల రేవు దగ్గర కాసేపు నిలబడితే ఉత్తరాంధ్ర యాస చెవిన పడుతుంది. తెలుగు మాధ్యమంలో చదువు చెప్పిన ప్రభుత్వ బడులు ఇక్కడ ఉన్నాయి. 2022 పురపాలక ఎన్నికల్లో తెలుగుదేశం పార్టీ కూడా ఇక్కడ వార్డులు గెలుచుకుంది. ఇడ్లీ, దోసె, పప్పన్నం కోసం వెతుక్కోవాల్సిన పని పోర్ట్ బ్లెయిర్‌లో లేదు. చిన్న దీవులకు వెళ్లేటప్పుడు మాత్రం ఆవకాయ సీసా సామాన్లలో పడేసుకుంటే పిల్లలకూ పెద్దలకూ పనికొస్తుంది.

గాలిలోనా, నీటి మీదా?

హైదరాబాద్ నుంచి నేరుగా విమానం దొరికితే రెండున్నర గంటల ప్రయాణం. లేదంటే చెన్నై, బెంగళూరు, కోల్‌కతాల మీదుగా వెళ్లాలి. గవ్వ ఆకారంలో కట్టిన వీర సావర్కర్ విమానాశ్రయం కొత్త టెర్మినల్ 2023 జులైలో మొదలైంది. టికెట్ కొనేటప్పుడు వంద, రెండొందలు తక్కువని మధ్యాహ్నం విమానం ఎంచుకోవద్దు. పొద్దున్నే దిగే విమానం పట్టుకుంటే ఒక పగలు మిగులుతుంది. తిరుగు ప్రయాణం పగలు పదకొండు తర్వాత ఉంటే ఆ రోజు ఉదయం కూడా చేతికి వస్తుంది.

తీరిక ఉన్నవాళ్లకు విశాఖ రేవు నుంచి ఓడ ఉంది. చెన్నై, కోల్‌కతాల నుంచి తరచుగా, విశాఖ నుంచి అరుదుగా ప్రయాణికుల ఓడలు నడుస్తాయి. విశాఖ నుంచి సుమారు 1,200 కిలోమీటర్లు, సముద్రం మీద రెండు రోజులకు పైనే. బంక్ క్లాసు నుంచి డీలక్స్ క్యాబిన్ దాకా తరగతులుంటాయి. ఓడ తేదీలు చాలా ముందుగా ఖరారు కావు, ఒక రోజు అటూ ఇటూ కావడమూ మామూలే. వారం రోజుల సెలవు పెట్టినవాళ్లకు ఇది కుదిరే వ్యవహారం కాదు. వెళ్లేటప్పుడు ఓడ, వచ్చేటప్పుడు విమానం అనుకునే విశ్రాంత ఉద్యోగులకు మాత్రం ఇంతకన్నా మంచి అనుభవం లేదు. అండమాన్ ఎంత దూరమో విమానంలో తెలియదు, ఓడలో తెలుస్తుంది. ఒకప్పుడు సంకెళ్లతో ఇదే నీళ్ల మీద వెళ్లినవాళ్ల సంగతీ అప్పుడే తలపుకొస్తుంది.

మొదటి మధ్యాహ్నం జైలుకే

ఉదయం దిగినవాళ్లు ఆ మధ్యాహ్నాన్ని సెల్యులార్ జైలుకు కేటాయించాలి. 1896లో మొదలుపెట్టి 1906లో పూర్తిచేసిన కట్టడమిది. నడుమ ఒక కావలి బురుజు, దాని నుంచి చీలిన ఏడు మూడంతస్తుల భవనాలు, వాటిలో దాదాపు 700 గదులు ఉండేవి. ఇప్పుడు మిగిలినవి మూడు భవనాలే. ఒక భవనం ముఖం మరో భవనం వీపును చూస్తూ ఉంటుంది. ఎదురుగా ఉన్న ఖైదీతో సైగ చేసే వీలు కూడా లేకుండా అలా కట్టారు. గది పొడవు పదమూడున్నర అడుగులు, వెడల్పు ఏడున్నర. వెలుతురుకు పైన ఒక చిన్న కిటికీ.

ఏదో ఒక గది తలుపు గడియను దగ్గరగా చూడండి. ఇనుప కమ్మీ తలుపు దాటి గోడలోకి సాగి, అక్కడ చేసిన గూట్లో బిగుసుకుంటుంది. లోపలి మనిషి ఊచల సందుల్లోంచి చెయ్యి ఎంత చాచినా ఆ తాళం అందదు. గైడ్ చెప్పే కథలన్నిటికన్నా ఆ గడియ ఎక్కువ చెబుతుంది. ఆవరణలో కొబ్బరినూనె ఆడించే గానుగ నమూనా ఉంది. ఎద్దులు తిప్పాల్సిన గానుగకు మనుషులను కట్టారు. రోజువారీ నూనె కోటా పూర్తికాకపోతే కొరడా దెబ్బలు.

ద్వీపాంతర శిక్ష పడినవారిలో మనవాళ్లూ ఉన్నారు. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొరకు ముందు ఉరిశిక్ష వేశారు, తర్వాత దాన్ని యావజ్జీవంగా మార్చి అండమాన్‌కు పంపారు. ఆయనే 1952లో విశాఖపట్నం నుంచి తొలి లోక్‌సభకు ఎన్నికయ్యారు. కాకినాడ బాంబు కేసులో శిక్షపడిన ప్రతివాది భయంకరాచారి కూడా ఈ దీవులకే వచ్చారు. 1979లో జాతీయ స్మారక చిహ్నంగా ప్రకటించిన ఈ జైలుకు పిల్లలను తీసుకెళ్లేముందు ఈ రెండు పేర్లు చెప్పి ఉంచితే, లోపల నడుస్తున్నప్పుడు వాళ్లకు చరిత్ర సొంతదవుతుంది. సాయంత్రం జైలు ఆవరణలోనే సౌండ్ అండ్ లైట్ ప్రదర్శన ఉంటుంది. సీట్లు త్వరగా అయిపోతాయి కాబట్టి టికెట్ ముందే తీసుకోవాలి.

ముందు పడవ, తర్వాతే గది

మర్నాడు హావ్‌లాక్. ఇక్కడే చాలామంది వరుస తప్పుతారు. ముందు రిసార్టు బుక్ చేసి, తర్వాత పడవ వెతుకుతారు. రద్దీ రోజుల్లో గదులు దొరుకుతాయి కానీ పడవలో సీట్లు దొరకవు. విమానం టికెట్ చేతికి రాగానే దీవుల మధ్య పడవ టికెట్లు కొనుక్కోవాలి, ఆ వేళలను బట్టి గది తీసుకోవాలి.

పోర్ట్ బ్లెయిర్ నుంచి హావ్‌లాక్‌కు ప్రభుత్వ ఫెర్రీలో రెండున్నర గంటలు, ప్రైవేటు వేగ పడవలో గంటన్నర పడుతుంది. ప్రభుత్వ ఫెర్రీ చౌక, డెక్ మీద నిలబడి గాలి పీలుస్తూ వెళ్లొచ్చు. వాటి సీట్లలో స్థానికులకు ప్రాధాన్యం, ఉండాలి కూడా. దీవిలో ఉండే మనిషికి ఆసుపత్రికైనా, ఆఫీసు పనికైనా అదే బస్సు. ప్రైవేటు పడవల్లో ఏసీ గదిలో కూర్చోవాలి. కడుపు తిప్పేవాళ్లు బయల్దేరే అరగంట ముందు మాత్ర వేసుకోవడం మంచిది. గుర్తింపు కార్డు అసలుది వెంట ఉండాలి. చీకటి పడ్డాక దీవుల మధ్య పర్యాటకుల పడవలు తిరగవు కాబట్టి ఆఖరి పడవ తప్పితే ఆ రాత్రికి అక్కడే మకాం.

ఇంకో ముఖ్య నియమం. తిరుగు విమానానికి ముందు రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లోనే పడుకోవాలి. సముద్రం కాస్త కోపంగా ఉంటే పడవలు రద్దవుతాయి. 2016 డిసెంబర్‌లో వాయుగుండం పట్టి హావ్‌లాక్, నీల్ దీవుల్లో వందలాది పర్యాటకులు చిక్కుకుపోతే నౌకాదళం ఓడలు పంపి తేవాల్సి వచ్చింది. అంత కాకపోయినా ఒక పూట పడవలు ఆగడం ఏటా జరిగేదే.

నంబర్లున్న బీచ్‌లు

దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన శరణార్థి కుటుంబాలకు ప్రభుత్వం హావ్‌లాక్‌లో భూములిచ్చింది. గోవింద్‌నగర్, విజయ్‌నగర్, రాధానగర్, కృష్ణానగర్ అన్న ఊళ్ల పేర్లు అలా వచ్చినవే. బీచ్‌లకు మాత్రం నంబర్లు: గోవింద్‌నగర్ మూడు, విజయ్‌నగర్ ఐదు, రాధానగర్ ఏడు. దారి అడిగినా నంబరు చెబితేనే తొందరగా అర్థమవుతుంది.

ఏడో నంబరు రాధానగర్‌ను 2004లో ‘టైమ్’ పత్రిక ఆసియాలోనే ఉత్తమ బీచ్‌గా పేర్కొంది. 2020లో దేశంలో తొలిసారి బ్లూ ఫ్లాగ్ గుర్తింపు పొందిన ఎనిమిది బీచ్‌లలో ఇదొకటి. మన విశాఖ రుషికొండ కూడా అదే జాబితాలో ఉంది. రాధానగర్ ప్రత్యేకత ఇసుక వెనకే ఉంది. తాడెత్తు దాటిన అడవి చెట్లు నేరుగా తీరం అంచు దాకా వచ్చి నిలబడ్డాయి. ఎండలో ఒళ్లు మాడకుండా నీడలో కూర్చుని సముద్రాన్ని చూసే వీలు మన తీరంలో తక్కువ, ఇక్కడ ధారాళం. చెట్ల మొదళ్ల దగ్గర ఒక్క నిమిషం కదలకుండా కూర్చుంటే, ఇసుకలో పడున్న శంఖాలు నడవడం మొదలుపెడతాయి. ఒక్కో దాంట్లో ఒక్కో చిన్న పీత కాపురం ఉంటుంది. పెరిగేకొద్దీ అది పెద్ద శంఖం వెతుక్కుని ఇల్లు మారుతుంది. తీరంలోని గవ్వలూ శంఖాలూ ఏరుకుపోవద్దని అటవీశాఖ అనడం ఊరికే కాదు.

రాధానగర్ పడమటి బీచ్ కాబట్టి సాయంత్రానికి, కాలాపత్థర్ తూర్పు బీచ్ కాబట్టి తెల్లవారుజాముకు. నాలుగున్నరకల్లా రాధానగర్ చేరకపోతే సూర్యాస్తమయం తప్పిపోతుంది. ఈత జెండాల మధ్యే కొట్టాలి. 2010లో రాధానగర్ పక్కనున్న నీల్స్ కోవ్ మడుగులో ఉప్పునీటి మొసలి ఒక విదేశీ పర్యాటకురాలి ప్రాణం తీసింది. ‘ఇక్కడ దిగరాదు’ అన్న బోర్డు కనిపిస్తే వాదించకుండా వెనక్కి రావాలి.

ఈత రానివాళ్లూ స్కూబా చేయొచ్చు. శిక్షకుడు పక్కనే పట్టుకుని తీసుకెళతాడు. ఉబ్బసం, గుండెజబ్బు, చెవి సమస్యలుంటే దాచకుండా చెప్పాలి. డైవింగ్ అయ్యాక కనీసం 18 గంటలు విమానం ఎక్కకపోవడం క్షేమం. అందుకే దాన్ని యాత్ర మొదట్లోనే పెట్టుకోవాలి, ఆఖరి రోజుకు వాయిదా వేయకూడదు.

అమావాస్య మంచిదే!

హావ్‌లాక్ తర్వాత నీల్. కూరగాయల తోటలు, వరి మళ్లు, అరటి చెట్ల మధ్య సైకిల్ మీద పూటలో చుట్టేయగల చిన్న దీవి. బీచ్‌ల పేర్లు రామాయణంలోవి: భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్, సీతాపూర్. ప్యాకేజీల్లో దీన్ని మధ్యాహ్నం మూడు గంటల పనిగా చూపిస్తారు. అది నీల్‌కు అన్యాయం, ఒక రాత్రైనా ఉండాలి.

కారణం ఆటుపోట్లు. లక్ష్మణ్‌పూర్ రెండో బీచ్‌లో సముద్రం తొలిచిన రాతి వంతెన ఉంది. నీళ్లు వెనక్కి తగ్గినప్పుడే దాని కిందికి నడిచి వెళ్లగలం. అప్పుడు రాళ్ల గుంటల్లో నిలిచిన అద్దంలాంటి నీళ్లలో పగడపు ముక్కలు, వేలెడంత నీలి చేపలు, నల్లటి సముద్ర దోసకాయలు కనిపిస్తాయి. పోటు మీద వెళితే కనిపించేది రాయీ నీళ్లూ. హావ్‌లాక్ ఐదో నంబరు బీచ్‌లో దీనికి తలకిందులు: అక్కడ ఆటు సమయంలో సముద్రం దూరంగా జరిగిపోయి రాళ్లు తేలతాయి, ఈతకు పోటే కావాలి.

ఆటు వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. ఈ రోజు ఉదయం ఎనిమిదికి ఉంటే రేపు తొమ్మిదికి కాస్త ముందు. ఇంటర్నెట్‌లో పోర్ట్ బ్లెయిర్ ఆటుపోట్ల పట్టిక దొరుకుతుంది. అదీ కుదరకపోతే గోడ మీది క్యాలెండర్ చాలు. అమావాస్య, పౌర్ణమిల చుట్టూ నీళ్లు బాగా పైకి వచ్చి బాగా కిందికి పోతాయి. రాతి వంతెన చూడటానికి అవే మంచి రోజులు. రాత్రిపూట కయాక్‌లో వెళ్లి తెడ్డు వేస్తే నీళ్లు నీలంగా మెరిసే వింత చూడాలంటే చీకటి రాత్రి కావాలి. అమావాస్య ప్రయాణం వద్దనే పెద్దలు ఇంట్లో ఉంటే ముందే ఒప్పించుకోండి, అండమాన్‌కు అది సుముహూర్తమే.

బారాటాంగ్ అవసరమా?

దాదాపు ప్రతి ప్యాకేజీలోనూ బారాటాంగ్ ఉంటుంది. తెల్లవారుజామున మూడింటికి లేచి, జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దగ్గర వరుసలో నిలబడి, పోలీసు కాన్వాయ్ వెంట జారవాల అడవి గుండా వెళ్లాలి. అక్కడ సున్నపురాయి గుహ, మడ అడవుల మధ్య పడవ ప్రయాణం, చిన్న బురద అగ్నిపర్వతం చూడొచ్చు.

జారవాలు కొన్ని వందల మందే మిగిలిన ఆదిమ జాతి. 1990ల చివరి దాకా బయటివారిని దగ్గరకు రానివ్వలేదు. వాళ్ల అడవిని చీల్చిన ఈ రోడ్డును మూసేయాలని 2002లోనే సుప్రీంకోర్టు ఆదేశించింది, వాహనాలు మాత్రం ఆగలేదు. తిండి ఆశచూపి జారవా స్త్రీలను ఆడించిన వీడియో 2012లో బయటికొచ్చి దేశం తలదించుకుంది. మరుసటి ఏడాది సుప్రీంకోర్టు కొన్ని వారాలపాటు ఈ దారిలో పర్యాటకులను నిలిపేసింది. ఫొటోలు తీయడం, బండి ఆపడం, బిస్కెట్లు విసరడం అన్నీ నేరాలు. అయినా కాన్వాయ్‌లో ‘కనిపిస్తారా?’ అని కిటికీలకు అతుక్కునేవాళ్లే ఎక్కువ.

గుహే కావాలనుకుంటే బొర్రా, బెలుం మనకున్నాయి. బెలుం గుహల పొడవు మూడు కిలోమీటర్ల పైమాటే. మడ అడవులకు కాకినాడ పక్కన కోరంగి ఉంది. ఆ పూటను హావ్‌లాక్‌లోనో, వండూర్ నుంచి జాలీబాయ్ దీవిలోనో గడపడం మేలు. మహాత్మా గాంధీ మెరైన్ నేషనల్ పార్క్‌లోని జాలీబాయ్‌ని ఏడాదిలో కొన్ని నెలలే తెరుస్తారు. సంచులు వెతికి మరీ ప్లాస్టిక్ తీసేయిస్తారు. పగడాలు ఇంకా బతికున్నాయంటే ఆ కట్టుదిట్టమూ ఒక కారణం.

మిగిలిన పూట రాస్ దీవికి. పోర్ట్ బ్లెయిర్ నుంచి పడవలో కొద్ది నిమిషాలే. బ్రిటిష్ వారి అధికార పీఠంగా వెలిగి, 1941 భూకంపం, జపాన్ దాడి తర్వాత పాడుబడిన ఊరు. చర్చి గోడలను మర్రి జాతి చెట్ల వేళ్లు పట్టుకుని నిలబెట్టాయి, జింకలు మనుషులకు అలవాటుపడి తిరుగుతాయి. ఎదుటి నార్త్ బే దీపస్తంభాన్ని పాత ఎర్ర ఇరవై రూపాయల నోటు వెనక చూసి ఉంటారు.

బయల్దేరే ముందు

నవంబర్ చివర నుంచి ఏప్రిల్ దాకా మంచి కాలం. నైరుతి రుతుపవనాలు మన దేశంలో మొదట తాకేది ఇక్కడే, మే మధ్యలోనే వానలు మొదలవుతాయి. వేసవి సెలవుల్లో వెళ్లాలంటే ఏప్రిల్ దాటనివ్వకండి. క్రిస్మస్, సంక్రాంతి రోజుల్లో ధరలూ రద్దీ ఎక్కువ. జనవరి చివర, ఫిబ్రవరి, మార్చి హాయిగా ఉంటాయి.

భారతీయులకు అనుమతి పత్రాలు అక్కర్లేదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు అండమాన్‌కు ఎల్‌టీసీలో ఉన్న ప్రత్యేక సడలింపు అమల్లో ఉందో లేదో ఆఫీసులో అడిగి చూసుకోవాలి. 2020లో చెన్నై నుంచి సముద్రం అడుగున కేబుల్ వేశాక ఇంటర్నెట్ మెరుగుపడింది, యూపీఐ నడుస్తోంది. చిన్న దీవుల్లో సిగ్నల్ పోయే గంటల కోసం కొంత నగదు ఉంచుకోవాలి. పగడపు రాళ్ల మీద కాళ్లు తెగకుండా వెనక పట్టీ ఉన్న చెప్పులు, ఇసుక ఈగలకు పూత మందు మరిచిపోవద్దు. రాస్ దీవికి సాధారణంగా బుధవారం, జాలీబాయ్‌కి సోమవారం సెలవు. పెద్ద ఆసుపత్రి పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉంది కాబట్టి గుండెజబ్బున్న పెద్దవాళ్లతో వెళ్లేవారు చిన్న దీవుల్లో రాత్రులు తగ్గించుకోవాలి.

ఆరు రాత్రులు పెట్టుకోగలిగితే పోర్ట్ బ్లెయిర్‌లో ఒకటి, హావ్‌లాక్‌లో మూడు, నీల్‌లో ఒకటి, మళ్లీ పోర్ట్ బ్లెయిర్‌లో ఒకటి సరిపోతాయి. ఐదే ఉంటే నీల్ మానేయండి, హావ్‌లాక్ తగ్గించకండి. మంచినీటికి వాన మీద ఆధారపడే దీవులివి, బియ్యం నుంచి సిమెంటు దాకా చాలావరకు ఓడల్లోనే రావాలి. బకెట్ నీళ్లతో స్నానం చేయండి, ప్లాస్టిక్ చెత్త వెనక్కి తీసుకురండి. చచ్చిన పగడం ముక్కైనా సంచిలో వేసుకోవద్దు. వన్యప్రాణి చట్టం కింద అది నేరం, విమానాశ్రయంలో స్కానర్ పట్టేస్తుంది.